కార్పొరేటర్ ఫోను, కమిషనర్ సంతకం: హైదరాబాద్ నగర పాలనలో జవాబుదారీ ఎక్కడ జారిపోతోంది?

కాలనీలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డును నెల తిరగకముందే మురుగు పైపు కోసం తవ్వేస్తే ఎవరిని అడగాలి? హైదరాబాద్‌లో చాలామంది ముందు కార్పొరేటర్ ఇంటికే వెళ్తారు. అది జలమండలి పని అని అక్కడ చెబుతారు. జలమండలి కార్యాలయానికి వెళ్తే, తవ్వడానికి జీహెచ్ఎంసీ, అంటే నగర కార్పొరేషన్, ఇచ్చిన అనుమతి కాగితం చూపిస్తారు. రోడ్డు పునరుద్ధరణకు కట్టాల్సిన డబ్బు ముందే కట్టేశామంటారు. సర్కిల్ కార్యాలయంలో ఇంజినీరును కలిస్తే టెండరు ఇంకా ఖరారు కాలేదంటారు. ముగ్గురూ చెప్పింది నిజమే కావచ్చు. వానాకాలం వచ్చేసరికి గుంత మాత్రం అక్కడే ఉంటుంది, అందులో పడేది ఆ వీధివాళ్లే.

నగర రాజకీయాల్లో నైతికత అనగానే మన ఆలోచన లంచం దగ్గర మొదలై లంచం దగ్గరే ఆగిపోతుంది. లంచం పెద్ద జబ్బే, కాదనను. అయితే హైదరాబాద్ వరకు అసలు చిక్కు దానికంటే ముందే ఉందని నా నమ్మకం. జనానికి కనిపించే ప్రతినిధికి సంతకం లేదు. సంతకం ఉన్న అధికారి జనాన్ని ఓటు అడగడు. ఈ ఇద్దరి మధ్య ఖాళీలో పనులు నడిపేది ఫోను. ఎవరు ఎవరికి చేశారు, ఏం చెప్పారు, దేన్ని ఆపమన్నారు, దేన్ని కానివ్వమన్నారు అనేది ఏ దస్త్రంలోనూ ఉండదు. రాతలో లేని అధికారాన్ని లెక్క అడగడం ఎవరి తరమూ కాదు. మంచి కార్పొరేటర్‌ను ఎన్నుకుంటే అంతా చక్కబడుతుందనే ఆశ పదేపదే వమ్ము కావడానికి ఇదే కారణం.

సంతకం ఎవరిది

గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 2007 ఏప్రిల్ 16న ఏర్పడింది. పాత నగర కార్పొరేషన్‌లో శివార్లలోని 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపారు. సంస్థ కొత్తదే గాని దాన్ని నడిపించే చట్టం 1955 నాటిది. ఆ చట్టం నగరపాలనలో మూడు అధికార స్థానాలను గుర్తిస్తుంది. కార్పొరేటర్లందరూ కూర్చునే సర్వసభ్య మండలి మొదటిది. వారిలోంచి ఎన్నికైన 15 మందితో ఏర్పడే స్టాండింగ్ కమిటీ రెండోది. కమిషనర్ మూడోవారు. బడ్జెట్‌ను ఆమోదించడం, విధానాలు తేల్చడం మండలి వంతు. నిర్ణీత విలువ దాటిన పనులు స్టాండింగ్ కమిటీ ముందుకు వస్తాయి. ఆ నిర్ణయాలను అమలు చేసే అధికారమంతా కమిషనర్ చేతిలో ఉంటుంది. కమిషనర్‌ను నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ ఈ రెండు సభలకూ అధ్యక్షత వహిస్తారు గాని కమిషనర్‌ను మార్చే అధికారం మేయర్‌కు లేదు.

కార్పొరేటర్ స్థానం ఇంకా బలహీనం. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి జీహెచ్ఎంసీ పరిధిలో సుమారు 67 లక్షల మంది ఉన్నారు. 150 వార్డులకు పంచితే ఒక్కో వార్డుకు దాదాపు 45 వేల మంది. ఇంతమందికి ప్రతినిధి అయినా, ఒక్క వీధి దీపం మార్చమని తన సంతకంతో ఆదేశించే అధికారం కార్పొరేటర్‌కు విడిగా లేదు. ఉన్నదల్లా సభలో ఒక ఓటు, ఒక ప్రశ్న. మేయర్ ఎన్నికలో ఆ ఓటు పక్కన ఎక్స్‌అఫీషియో (పదవిరీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీల ఓట్లు కూడా చేరతాయి. నెలకు వచ్చే గౌరవ వేతనం కొన్ని వేల రూపాయలే. 2020 ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకు పెట్టిన పరిమితి 5 లక్షలు. గల్లీల్లో ప్రచారం చూసినవారెవరూ ఆ అంకెను నిజమైన ఖర్చుగా నమ్మరు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎలా తిరిగి రాబట్టుకుంటారో అనే ప్రశ్న నైతికత చర్చకు పునాది వంటిది. గెలిచినవారిని మొదటి రోజు నుంచే ఆ ప్రశ్న వెంటాడుతుంది.

కార్పొరేషన్ పక్కన మరిన్ని సంస్థలున్నాయి. మంచినీరు, మురుగునీరు 1989 నుంచి జలమండలి చూస్తోంది. 1975లో పుట్టిన నగరాభివృద్ధి సంస్థ హుడా స్థానంలో 2008లో మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వచ్చింది, దానికి ముఖ్యమంత్రే అధ్యక్షులు. కరెంటు పంపిణీ సంస్థది, ట్రాఫిక్ పోలీసులది. 2024 జులైలో విపత్తుల స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ కోసం హైడ్రా ఏర్పడింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, రోడ్లు, నాలాలు, చెరువులు, పార్కుల వంటి ఆస్తుల రక్షణకు కార్పొరేషన్ అధికారాలను వేరే సంస్థకు అప్పగించే వీలు ప్రభుత్వానికి కల్పించారు. రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు చూస్తే, నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాల్లో పట్టణ ప్రణాళిక, తాగునీరు, అగ్నిమాపక సేవలు కూడా ఉన్నాయి. మన నగరంలో ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా ఎన్నికైన మండలి చేతిలో లేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత ఇంతమందికి పంచుకుపోయాక, ఎవరి వాటా ఎంతో తేల్చడం పౌరుడి నెత్తిన పడుతుంది.

మండలి లేని ఏళ్లు

ఇంత బలహీనమైన మండలి కూడా నగరానికి నిలకడగా దక్కలేదు. 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు 1991లో ముగిశాక, మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. ఆ ఎన్నికలో హైదరాబాద్ ఓటర్లు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు. గెలిచింది తీగల కృష్ణారెడ్డి. జీహెచ్ఎంసీ ఏర్పడ్డాక 2009 చివరి దాకా ఎన్నికలు లేవు. ఆ మండలి గడువు 2014 డిసెంబరులో తీరితే తర్వాతి పోలింగ్ 2016 ఫిబ్రవరిలో జరిగింది, అదీ హైకోర్టు ఒత్తిడి మీద. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన మండలి గడువు 2026 ఫిబ్రవరి 10తో పూర్తయింది. దానికి కొద్దిగా ముందే, 2025 చివర్లో, ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్ఎంసీలో విలీనం చేసి వార్డులను 300గా పునర్విభజించారు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పాలకమండలి గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని 243-యు అధికరణం చెబుతుంది. విలీనం, విభజన, రిజర్వేషన్లు, కోర్టు కేసులు అంటూ ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరుకుతుంది, మండలి స్థానంలో ప్రత్యేకాధికారి వస్తారు. ఆ అధికారి సమర్థులు కావచ్చు, నిజాయతీపరులూ కావచ్చు. అయినా సర్వసభ్య సమావేశం జరగని కాలంలో ప్రశ్న అడిగే వేదికే ఉండదు. మండలి లేనప్పుడే పనులు వేగంగా జరుగుతాయని కొందరు చదువుకున్నవారు అంటుంటే నాకు బాధ కలుగుతుంది. ప్రశ్నించేవాళ్లు లేకపోవడాన్ని సామర్థ్యంగా పొరబడటం అది.

మన వైపు లోపమూ ఉంది. పోలింగ్ 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం దాటినా యాభైకి చేరలేదు. ఓటు వేయని సగం నగరం తమను అడగదని ప్రతి కార్పొరేటర్‌కూ తెలుసు.

ఫోను చేసే పని

మన కళ్లముందు రోజూ జరిగేది ఒకటి తీసుకుందాం. ఇరుకు వీధిలో ఒక ఇంటి స్థలం. రెండంతస్తులకు అనుమతి తీసుకుని మూడోది, నాలుగోది లేపుతున్నారు. చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన బీపాస్ అనే ఆన్‌లైన్ విధానంలో 75 చదరపు గజాల లోపు స్థలానికి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు, యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. నమ్మి అనుమతి ఇచ్చే పద్ధతి కాబట్టి, తర్వాత తనిఖీ చేయడమే దానికి ప్రాణం. అతిక్రమణ కనిపిస్తే టౌన్ ప్లానింగ్ సిబ్బంది జీహెచ్ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. జవాబు చూసి ఉత్తర్వు ఇవ్వాలి, తర్వాత కూల్చాలి.

ఇక్కడ ఫోను ఏం చేస్తుంది? అనుమతి ఇవ్వమని అడగదు. అడిగితే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, అది రికార్డవుతుంది. ‘మనవాళ్లే, కాస్త చూడండి’ అంటుంది. అంతే. తనిఖీకి ఈ వారం బదులు వచ్చే వారం వెళ్తారు. నోటీసు తయారైనా అందజేయడం ఆలస్యమవుతుంది. జవాబుకు గడువు పొడిగిస్తారు. ఈలోగా స్లాబ్ పడుతుంది, గోడలు లేస్తాయి, అద్దెకు మనుషులు చేరతారు, యజమాని కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటాడు. దస్త్రం తెరిస్తే నోటీసు ఉంది, జవాబు ఉంది, అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. తప్పు జరిగింది ఆ కాగితాల మధ్య ఖాళీ రోజుల్లో. డబ్బు చేతులు మారిందో లేదో కూడా తెలియదు. ఒక్కోసారి మారదు, బంధుత్వమో పార్టీ అనుబంధమో సరిపోతుంది. లంచం నిరూపణ కాలేదు కాబట్టి నైతికంగా అంతా సవ్యమేనా? పక్కింటివాడికి గాలి, వెలుతురు ఆగిపోయాయి. వీధిలో మురుగు పైపు సామర్థ్యం చాలక పొంగుతోంది. అగ్నిమాపక వాహనం లోపలికి రాదు. నష్టం మాత్రం నిజం.

ఇలా చెప్పానని కార్పొరేటర్ల ఫోన్లన్నీ చెడ్డవని కాదు. రాత్రి పదకొండింటికి డ్రైనేజీ పొంగితే, చెత్త బండి వారం రోజులు రాకపోతే, కుక్క కరిచిన పిల్లాడికి టీకా దొరక్కపోతే అధికారిని నిద్రలేపేది కార్పొరేటర్ ఫోనే. పేదల బస్తీల్లో అదొక్కటే ఆధారం. చిక్కు ఏమిటంటే మంచి ఫోనూ చెడ్డ ఫోనూ ఒకే దారిలో వెళ్తాయి, రెండింటికీ గుర్తు మిగలదు. రెండింటినీ వేరు చేయడానికి ఉన్న మార్గం ఒకటే: చెప్పిన మాటను కాగితం మీదకు తేవడం.

ఈ మాట నేను కొత్తగా చెబుతున్నది కాదు. 2013 అక్టోబరులో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. ప్రభుత్వాధికారులు నోటిమాట ఆదేశాలు, సూచనల మీద పనిచేయకూడదని, పైవారి నుంచి గాని, రాజకీయ నాయకుల నుంచి గాని వచ్చిన మౌఖిక ఆదేశాలను నమోదు చేయాలని స్పష్టం చేసింది. నమోదు లేకపోతే సమాచార హక్కుకే అర్థం ఉండదని కూడా గుర్తించింది. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా పైఅధికారి నోటిమాటను లిఖితపూర్వకంగా ధ్రువీకరించుకోవాలనే చెబుతుంది. అదే నెలలో మరో తీర్పులో, రాజస్థాన్‌కు చెందిన ఒక మున్సిపల్ కౌన్సిలర్ కేసులో, ఎన్నికైన కౌన్సిలర్ కూడా అవినీతి నిరోధక చట్టం కింద ప్రజాసేవకుడే అని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కార్పొరేటర్‌కు సంతకం లేకపోయినా చట్టం దృష్టిలో బాధ్యత ఉంది. ఆ బాధ్యతను రుజువు చేయడానికి కావలసిన కాగితమే మన దగ్గర లేదు.

సర్కిల్ కార్యాలయంలో డిప్యూటీ కమిషనర్ దగ్గర ఒక రిజిస్టరు ఉంచితే చాలు. తేదీ, ప్రజాప్రతినిధి పేరు, ఏ స్థలం గురించి, ఏం కోరారు, ఏం చేశారు అనే వివరాలు రాయాలి. నెలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలి. డ్రైనేజీ గురించి వంద ఫోన్లు చేసిన కార్పొరేటర్ గర్వంగా ఆ పేజీని ఓటర్లకు చూపించుకోవచ్చు. దీన్ని ఎదిరించేవారు ఎందుకు ఎదిరిస్తున్నారో అదే వాళ్లను పట్టిస్తుంది.

పదివేల రూపాయల జాబితా

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానలకు నగరం మునిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం బాధిత కుటుంబాలకు 10 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఇంటింటికీ తిరిగి నగదు రూపంలో పంచడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే, అవసరమూ నిజమే. అయితే అర్హులెవరో తేల్చే జాబితా బహిరంగంగా లేదు. నీళ్లు రాని ఇళ్లకు డబ్బు అందిందని, మునిగిన ఇళ్లకు అందలేదని, స్థానిక నాయకులు అందులోనూ వాటా అడిగారని ఆరోపణలు వచ్చాయి. బాధితులు రోడ్డెక్కారు. తర్వాత మీసేవా కేంద్రాల్లో దరఖాస్తులు తీసుకుంటామంటే వాటి ముందు కిలోమీటర్ల బారులు తీరాయి. నవంబరు 18న, ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా, రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపించింది.

ఆ ఆరోపణల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చే ఆధారం పౌరుల చేతిలో లేకపోవడమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. నిజాయతీగా పంచిన ఉద్యోగి కూడా అనుమానం నుంచి తప్పించుకోలేకపోయాడు. బస్తీలవారీగా ఇంటి నంబర్లతో జాబితాను వార్డు కార్యాలయం గోడకు అంటిస్తే, పేరు తప్పిపోయినవారూ అక్రమంగా చేరినవారూ ఒక్క పూటలో తేలిపోయేవారు. పక్కిల్లు మునిగిందో లేదో ఇరుగుపొరుగుకు తెలియనిది కాదు.

శిలాఫలకం మీద ఒక పేరు, ఎం-బుక్‌లో మరో పేరు

ఇప్పుడు డబ్బు దగ్గరకు వద్దాం. 2025-26కు జీహెచ్ఎంసీ బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. అందులో ఒక చిన్న చుక్క, మీ వీధిలో వేసే సీసీ రోడ్డు. దాని కాగితాలు ఇలా నడుస్తాయి: అసిస్టెంట్ ఇంజినీరు అంచనా తయారుచేస్తారు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వస్తాయి. టెండరు, ఒప్పందం, పని ఆదేశం తర్వాత కాంక్రీటు పడుతుంది. కొలతలను మెజర్‌మెంట్ బుక్‌లో, అంటే అందరూ ఎం-బుక్ అని పిలిచే దానిలో రాస్తారు. పైఇంజినీరు తనిఖీ చేస్తారు. నాణ్యత పరీక్షల నివేదిక జతచేసి బిల్లు పెడతారు.

రోడ్డు పొడవు, వెడల్పు ఎవరైనా టేపుతో కొలుచుకోవచ్చు. మందం మాత్రం కాంక్రీటు పడ్డాక కనిపించదు. నూరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం అయితే 80 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. మందం 15 సెంటీమీటర్లకు తగ్గితే 60 ఘనపు మీటర్లతో పని అయిపోతుంది. ఎం-బుక్‌లో 20 అనే రాస్తే మిగిలిన పాతిక శాతం ఎక్కడికి పోయిందో పైనుంచి చూసి చెప్పలేం. రోడ్డుకు రంధ్రం చేసి స్తంభంలాంటి నమూనా తీస్తే తెలుస్తుంది. కాంక్రీటు పోసేటప్పుడు తీసిన ఘనాకార నమూనాలను 28 రోజుల తర్వాత పరీక్షిస్తే బలం తెలుస్తుంది. అవి లేకుండా పెట్టిన బిల్లును ఎవరు ఆమోదించారో ఎం-బుక్ చెబుతుంది. నాలాల పూడికతీతలో ఇది మరీ కష్టం, తీసిన పూడిక లారీ ఎక్కి వెళ్లిపోయాక కొలవడానికి ఏమీ మిగలదు.

కార్పొరేటర్ పేరు శిలాఫలకం మీద ఉంటుంది, ఎం-బుక్‌లో ఉండదు. కొబ్బరికాయ కొట్టినవారిని పని పాడైనప్పుడు అడిగితే ఇంజినీర్లను అడగండి అంటారు. కార్పొరేషన్ కాంట్రాక్టులో వాటా గాని, ఆసక్తి గాని ఉన్నవారు సభ్యులుగా ఉండటానికి అనర్హులని చట్టం చెబుతుంది. అందువల్ల ఎవరూ సొంత పేరున కాంట్రాక్టు తీసుకోరు. బావమరిది పేరున, పాత డ్రైవర్ పేరున, పార్టీ కార్యకర్త పేరున తీసుకుంటే చట్టం వారి జోలికి వెళ్లడం కష్టం. బంధువుల సంస్థలు, వ్యాపార భాగస్వామ్యాలు ఏవేవో ప్రతి ఏటా ప్రకటించి, ఆ అంశం సభకు వచ్చినప్పుడు లేచి బయటకు వెళ్లే సంప్రదాయం ఇక్కడ వేళ్లూనుకోలేదు. నామినేషన్ వేళ ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు ఉంటాయి. ఆ తర్వాత ఐదేళ్లలో ఏం మారిందో ఓటరుకు తెలియదు, మళ్లీ నామినేషన్ వేస్తేనే తెలుస్తుంది.

సగం సీట్లు మహిళలవి, మరి ఫోను ఎవరిది

2020 సవరణతో జీహెచ్ఎంసీలో మహిళలకు 50 శాతం రిజర్వేషన్ చట్టంలో చేరింది. ఎన్నో వార్డుల్లో ఆ మహిళలు పూర్తి పట్టుతో పనిచేశారు. కొన్ని వార్డుల్లో మాత్రం ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేది, అధికారులకు ఫోను చేసేది, కాంట్రాక్టరుతో మాట్లాడేది కార్పొరేటర్ గారి భర్త. ఆయన ఎన్నికవ్వలేదు, ప్రమాణం చేయలేదు. ఆయన మాట మీద కదిలిన అధికారి ఏ నిబంధన కింద కదిలారు? నేను ఇందాక చెప్పిన రిజిస్టరు ఇక్కడ మరింత అవసరం. అందులో ఆయన పేరు రాయడానికి గడి ఉండదు కాబట్టి, కార్పొరేటర్ గారే వచ్చి మాట్లాడక తప్పదు.

పార్టీ మారితే

2020 డిసెంబరు ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44, కాంగ్రెస్‌కు 2 స్థానాలు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేదు. ఎంఐఎం మద్దతుతో గద్వాల్ విజయలక్ష్మి టీఆర్ఎస్ నుంచి మేయరయ్యారు, 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. పదవిలో కొనసాగారు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. పదో షెడ్యూలులోని ఫిరాయింపుల నిషేధం పార్లమెంటుకు, శాసనసభలకే వర్తిస్తుంది. మేయర్‌పై అవిశ్వాసం పెట్టాలన్నా నాలుగేళ్లు నిండాలి. కార్పొరేటర్‌ను ఓటర్లు వెనక్కు పిలిచే హక్కు చట్టంలో లేదు.

పార్టీ మారడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. పార్టీయే మాట తప్పితే అందులో ఉండిపోవడం నైతికమా? మారినవారు వార్డు ప్రజల ముందు నిలబడి కారణం చెప్పాలి, పదవి ఎవరి బలంతో వచ్చిందో వారికి తిరిగి ఇవ్వాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ వైపు నడక సాగుతూనే ఉంటుంది. నిధుల కోసమే, వార్డు అభివృద్ధి కోసమే వెళ్లామనే జవాబు వినిపిస్తుంది. ఆ జవాబు నిజమైతే అంతకంటే ఘోరం ఇంకోటి లేదు. అధికార పార్టీలో చేరకపోతే వార్డుకు నిధులు రావని ఒప్పుకోవడమే కదా అది.

పౌరుడి చేతిలో ఉన్నవి

రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. 2020 సవరణ ఒక్కో వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అంటూ నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 25 మందిని ప్రతిపాదించింది. 2023 జూన్‌లో 150 వార్డు కార్యాలయాలు తెరిచి, పలు శాఖల సిబ్బందిని ఒకే కప్పు కిందకు తెచ్చారు. ఆలోచన చాలా మంచిది. ఆ ఊపు నిలిచి ఉంటే, నేను మొదట చెప్పిన రోడ్డు గుంతకు మూడు కార్యాలయాలు తిరగాల్సిన పని ఉండేది కాదు.

ఇవి బలపడేదాకా ఆగకుండా వాడుకోగలిగిన ఆయుధం సమాచార హక్కు చట్టం. 10 రూపాయల దరఖాస్తుతో సర్కిల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారిని అడగవచ్చు. ‘మా వీధి రోడ్డు ఎందుకు బాగోలేదు’ అని రాస్తే ఉపయోగం లేదు, అది ప్రశ్నే గాని సమాచారం కాదు. పరిపాలనా అనుమతి నకలు, అంచనా, ఒప్పందం, ఎం-బుక్‌లో ఆ పని పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, తుది బిల్లు కావాలని విడివిడిగా రాయాలి. 2(జె) సెక్షన్ ఇంకో అరుదైన హక్కు ఇస్తుంది. పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకోవచ్చు. కాలనీ సంఘం ఒక్కసారి ఈ సెక్షన్‌ను పేర్కొంటూ దరఖాస్తు పెడితే, తర్వాతి పనిలో కాంక్రీటు పోసే రోజున ఇంజినీరు తప్పక నిలబడి చూస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

భవనాల విషయంలోనూ అడగాల్సింది ఇదే తీరులో ఉండాలి. 452 నోటీసు ఏ తేదీన తయారైంది, ఏ తేదీన అందజేశారు, తర్వాతి ఉత్తర్వు ఏ తేదీది అని అడగండి. ఫోను కాగితంలో కనిపించదు గాని, అది చేసిన ఆలస్యం తేదీల మధ్య కనిపిస్తుంది.

లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ టోల్ ఫ్రీ నంబరు 1064 ఉంది. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవారూ నేరస్థులే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంది. ఈ ఏడు రోజుల సంగతి తెలియక ఎంతోమంది ఇచ్చేసి నోరు మూసుకుంటున్నారు.

చివరగా, మీ వీధిలో ఇటీవల రోడ్డో, డ్రైనేజీయో వేసి ఉంటే దాని ఒప్పందంలో లోపాల బాధ్యత గడువు ఒకటి రాసి ఉంటుంది. ఆ గడువులో పగుళ్లు వస్తే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో సరిచేయాలి, అందుకోసం ఆయన డబ్బు కొంత కార్పొరేషన్ దగ్గర ఆగి ఉంటుంది. గడువు ముగింపు తేదీ ఎప్పుడో సమాచార హక్కు ద్వారా తెలుసుకుని, అంతకుముందే ఫోటోలతో ఫిర్యాదు రాసి, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు కార్పొరేటర్‌కు కూడా పంపండి, జవాబు కాగితం మీదే ఇవ్వమని అడగండి.